పాఠకుల ప్రశ్నలు: చదరంగం గళ్ల లెక్క

పోయిన సంచికలో చదరంగం బల్ల లెక్క ఇచ్చాం. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు అవుతాయి. 2ను అరవైనాలుగు సార్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది, అంటే 2⁶⁴ − 1. దీని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ఈ సంఖ్యకు ఒక తెలుగు పద్యం ఉందని మా తాతగారు “శర శశి షట్క చంద్ర...” అని చదివి వినిపించేవారు. పదాలకు అంకెలు వేస్తే 51615590737044764481 వస్తోంది. పద్యం తప్పా, నా లెక్క తప్పా? (తణుకు నుంచి)

రెండూ తప్పు కాదు. మీరు పదాలకు వేసిన అంకెలన్నీ సరైనవే, చదివిన దిక్కు ఒక్కటే మారాలి. భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు పదాలు వాడే పద్ధతిలో, ఒకట్ల స్థానం ముందు చెబుతారు. కాబట్టి అంకెల్ని కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోవాలి. పావులూరి మల్లన గణితంలోదిగా చెప్పుకునే ఆ చంపకమాలలో సంఖ్య ఉన్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

శర అంటే మన్మథుడి బాణాలు 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక అన్నా బాణమే కాబట్టి 5, రంధ్ర 9, వియత్ అంటే ఆకాశం 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు 4, కుంజర 8, తుహినాంశు అంటే చంద్రుడు 1. చివరి చంద్రుడి దగ్గర మొదలుపెట్టి వెనక్కి రండి: 1, 8, 4, 4, 6, 7, 4, 4, 0, 7, 3, 7, 0, 9, 5, 5, 1, 6, 1, 5. ఇరవై అంకెలూ సరిపోయాయి.

తప్పు దొర్లేది సాధారణంగా రెండు చోట్ల. మొదటిది సంధి. “వియన్నగాగ్ని”లో వియత్, నగ, అగ్ని అని మూడు అంకెలున్నాయి. దాన్ని విడగొట్టకపోతే సంఖ్య పద్దెనిమిది అంకెలకే ఆగిపోతుంది. రెండోది సముద్రాలు. సప్తసముద్రాలు కదా అని అబ్ధికి 7 వేసేవాళ్లుంటారు. ఈ లెక్కలో సముద్రాలు నాలుగే. ఆ పొరపాటు 3తో భాగించి చూస్తే బయటపడదు, ఎందుకంటే 4కు బదులు 7 వేస్తే మొత్తానికి 3 గుణిజమే కలుస్తుంది. 11తో చూస్తే బయటపడుతుంది. కుడి నుంచి బేసి స్థానాల్లోని అంకెల మొత్తం 62, సరి స్థానాల్లోవి 25, తేడా 37. దాన్ని 11తో భాగిస్తే శేషం 4. ఆ 4 రావాల్సిందే: 2¹⁰ అంటే 1024ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి 2⁶⁰కీ 1 మిగులుతుంది. మిగిలిన 2⁴ = 16కు శేషం 5. అందులోంచి ఒకటి తీసేస్తే 4. అబ్ధికి 7 వేసి చూస్తే శేషం 7 వచ్చి తప్పు తెలిసిపోతుంది.

పద్యానికి తనదైన కాపలా కూడా ఉంది. చంపకమాలలో న, జ, భ, జ, జ, జ, ర గణాలు వరసగా రావాలి, పదకొండో అక్షరం యతి. మొదటి పాదంలో శకు “సాయక”లోని సా, రెండో పాదంలో ధకు “తర్క”లోని త యతి కుదిరాయి. “పయోనిధి” తీసి “సముద్ర” పెడితే అంకె మారదు గానీ ఒక లఘువు తగ్గి గణం విరుగుతుంది. నోటి మీద నడిచే పద్యంలో ఒక అంకె జారిపోతే చెవి వెంటనే పట్టుకుంటుంది. ఇరవై అంకెల్ని భద్రపరచడానికి ఇంతకంటే గట్టి పెట్టె మాకు కనిపించలేదు.

దీన్ని మామూలు తెలుగులో పైకి ఎలా చదవాలి? (మంచిర్యాల)

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. కుడి నుంచి ఏడేసి అంకెలకు ఒక “కోటి” అనుకుంటే పని తేలిక: ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్ల, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్భై కోట్ల, తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను.

క్యాలిక్యులేటర్‌లో 1.844674407 అని వచ్చి పక్కన 19 చూపిస్తోంది. మిగతా అంకెలు కావాలి. అరవైమూడు సార్లు రెట్టించకుండా చేత్తో చేసే దారి ఉందా? (పదో తరగతి విద్యార్థిని, నంద్యాల)

ఉంది. రెట్టించకండి, వర్గం చేయండి. 2తో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65536, 4294967296, ఆరోసారి 2⁶⁴. మొదటి ఐదూ అందరూ చేయగలరు. అసలు పనంతా చివరి గుణకారంలోనే ఉంది కాబట్టి దాన్ని పూర్తిగా చూపిస్తాం.

4294967296ను మధ్యకు విడగొట్టి 42949, 67296 అని రాసుకోండి. ఇప్పుడు మూడు గుణకారాలు కావాలి.

42949 వర్గానికి 43000లోంచి 51 తీసేసినట్టు చేయండి: 1849000000 − 4386000 + 2601 = 1844616601.

42949 × 67296 కూడా అలాగే: 2893728000 − 3432096 = 2890295904. దీన్ని రెట్టిస్తే 5780591808.

67296 వర్గం: 4489000000 + 39664000 + 87616 = 4528751616.

ఇప్పుడు మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి ఐదు సున్నాలు చేర్చి, మూడోదాన్ని అలాగే ఉంచి కూడండి:

18446166010000000000
+ 578059180800000
+ 4528751616
= 18446744073709551616

ఒకటి తీసేస్తే మన సంఖ్య.

తప్పు జరిగితే రెండు చోట్ల జరుగుతుంది: మధ్య లబ్ధాన్ని రెట్టించడం మరిచిపోతారు, లేదా సున్నాలు ఒకటి అటూ ఇటూ వేస్తారు. తొమ్మిదుల పద్ధతితో సరిచూసుకుంటే మొదటిది దొరుకుతుంది. 4294967296 అంకెల మొత్తం 58, మళ్లీ కూడితే 13, మళ్లీ కూడితే 4. దాని వర్గం 16, అంటే 7. జవాబు అంకెల మొత్తం 88, అంటే 16, అంటే 7. సరిపోయింది. కానీ రెండో తప్పును తొమ్మిది పట్టుకోలేదు. సున్నా ఎక్కువైనా తక్కువైనా అంకెల మొత్తం మారదు గదా! అందుకే 11తోనూ చూడాలి. అక్కడ ఒక స్థానం జరిగితే గుర్తు తారుమారై శేషం మారిపోతుంది. 2⁶⁴కు 11తో శేషం 5 రావాలి.

ఇంతకీ గింజల మొత్తం సరిగ్గా 2⁶⁴ కంటే ఒకటే ఎందుకు తక్కువ? బల్ల పక్కన ఒక గింజ విడిగా పట్టుకోండి. మొదటి గడిలోని ఒకటితో కలిపితే 2. రెండో గడిలోని 2తో కలిపితే 4. మూడో గడిలోని 4తో కలిపితే 8. ఇలా 64వ గడి దాటేసరికి 2⁶⁴. బయటి నుంచి తెచ్చిన ఆ ఒక్క గింజనూ వెనక్కి తీసుకోండి.

ఎక్సెల్‌లో ఈ సంఖ్య టైపు చేస్తే చివరి ఐదు అంకెలూ సున్నాలైపోతున్నాయి. గడి వెడల్పు పెంచినా, నంబర్ ఫార్మాట్ మార్చినా అంతే. (అకౌంటెంట్, విజయవాడ)

గడి వెడల్పుకూ దీనికీ సంబంధం లేదు. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెలే ఉంచుకుంటుంది. మీరు టైపు చేసినప్పుడు పదహారో అంకె నుంచి కోసేసి 18446744073709500000 అని రాస్తుంది. అదే దానితో 2⁶⁴ లెక్క చేయిస్తే కోయదు, సవరిస్తుంది, అందుకని 18446744073709600000 కనిపిస్తుంది. రెండూ తప్పే, రెండు రకాల తప్పులు.

దీనికి మూలం సంఖ్యను దాచే తీరులో ఉంది. దశాంశాలు కూడా పట్టేలా 64 బిట్లలో సంఖ్యను దాచినప్పుడు, అసలు అంకెలకు దొరికేవి 53 బిట్లే. 9007199254740992 (అంటే 2⁵³) దాకా ప్రతి పూర్ణాంకమూ ఉంటుంది. దాని పక్కనున్న 9007199254740993కే చోటు లేదు. 2⁶⁴కు కాస్త దిగువన అయితే 2048కి ఒక్క సంఖ్య చొప్పునే ఉంటుంది. అందుకే ఆ లెక్కలో 2⁶⁴ − 1, 2⁶⁴ రెండూ ఒకటే.

చూపించడానికే అయితే ముందు ఒక సింగిల్ కోట్ పెట్టి టెక్స్ట్‌గా టైపు చేయండి. లెక్క చేయాలంటే పైథాన్ వాడండి. అందులో పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు, కాకపోతే మధ్యలో ఎక్కడా దశాంశ బిందువు రానివ్వకూడదు. 2కు బదులు 2.0 అని రాసినా మళ్లీ 53 బిట్ల లోకంలో పడతారు. మీ పనికి ఇంకో మాట: పదహారు అంకెల కార్డు నంబర్లను మామూలు గడిలో టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

ఈ సంఖ్యకు కారణాంకాలు ఏమిటి? ఇంత పెద్దదాన్ని చేత్తో విడగొట్టడం సాధ్యమేనా? (గణిత ఉపాధ్యాయుడు, సూర్యాపేట)

ఈ ఉత్తరం చూసి చాలా సంతోషించాం. ఈ సంఖ్యలో అసలు అందం ఇక్కడే ఉంది. ఏదో ఒక ఇరవై అంకెల సంఖ్యను ఇస్తే చేత్తో విడగొట్టడం నరకం. దీన్ని మాత్రం తొమ్మిదో తరగతి సూత్రం ఒక్కటే చాలావరకు విప్పేస్తుంది. ఒక వర్గంలోంచి 1 తీసేస్తే, అది (సంఖ్య − 1) × (సంఖ్య + 1) అవుతుంది. 2⁶⁴ అంటే 2³² వర్గం కాబట్టి

2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1).

2³² కూడా వర్గమే, 2¹⁶ కూడా వర్గమే. ఎడమ ముక్కను అలా విప్పుకుంటూ పోతే చివరికి

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మిగులుతుంది. ఇవన్నీ ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పేరు మీద పిలిచే ఫెర్మా సంఖ్యలు: 2ను 1, 2, 4, 8, 16, 32 ఘాతాలకు హెచ్చించి 1 కలిపినవి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా ప్రధానమే అని ఫెర్మా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు: 4294967297 = 641 × 6700417.

641 భాగిస్తుందని గుణించకుండానే చూడవచ్చు, తరగతిలో తప్పక చూపించండి. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1, ఇంకా 5⁴ + 2⁴. మొదటిదాని ప్రకారం 641తో భాగించినప్పుడు 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కు శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴కు బదులు −2⁴ రాసుకోవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1, అంటే 2³² + 1కి శేషం సున్నా. పలక మీద నాలుగు వరసల్లో అయిపోతుంది.

“641నే ఎందుకు పట్టుకున్నాడు?” అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఒక ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తే, దానితో 2³²కు శేషం −1, 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాలు వేసుకుంటూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యేది సరిగ్గా 64వ ఘాతం దగ్గరే. ఫెర్మా చిన్న సిద్ధాంతం (ప్రధాన సంఖ్య భాగించని ఏ సంఖ్యనైనా ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చిస్తే శేషం 1) ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి 1 తీసేస్తే వచ్చేది 64 గుణిజం అయి తీరాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నంలోనే దొరికింది!

ఇక 6700417 ప్రధానమేనా? దీని వర్గమూలం 2588 చిల్లర. అప్పటిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించక్కర్లేదు. ఎడ్వర్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త పై షరతును ఇంకా బిగించి, 64 గుణిజం కాదు, 128 గుణిజానికి ఒకటి ఎక్కువ ఉండాలని చూపాడు. 2588 లోపు అలాంటి ప్రధాన సంఖ్యలు ఐదే: 257, 641, 769, 1153, 1409. భాగించి చూస్తే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. 6700417 ప్రధానమే.

కాబట్టి పూర్తి విభజన:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కటీ రెండుసార్లు రాలేదు. ఒక భాజకం తయారు చేసేటప్పుడు ఈ ఏడింటిలో ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కాబట్టి మొత్తం భాజకాలు 2⁷, అంటే 128.

ఒక హెచ్చరిక. ఈ చక్కని విప్పుడు 64 తనే 2 ఘాతం కావడం వల్ల కుదిరింది. ఒక గడి తక్కువైతే చాలు, రూపమంతా మారిపోతుంది: 2⁶³ − 1 = 7² × 73 × 127 × 337 × 92737 × 649657. 61 గళ్ల బల్లయితే 2305843009213693951 వస్తుంది, అది అసలు విడిపోనే విడిపోదు, ప్రధాన సంఖ్య.

నా సీ++ ప్రోగ్రామ్‌లో జాబితా ఖాళీగా ఉన్నప్పుడు చివరి స్థానం అడిగితే −1కి బదులు ఈ సంఖ్యే వస్తోంది. లూప్ ఆగడం లేదు. (ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్)

జాబితా పొడవును అన్‌సైన్డ్ 64 బిట్ల పూర్ణాంకంలో ఉంచుతారు. అందులో రుణ సంఖ్యలు ఉండవు, 0 నుంచి 2⁶⁴ − 1 వరకే. 0లోంచి 1 తీసేస్తే వెనక్కి తిరిగి కొసకు, అంటే 64 బిట్లూ 1గా ఉన్న సంఖ్యకు వెళ్తుంది. అదే ఇది. లూప్ ఆగనిదీ ఇందుకే: “విలువ 0 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నంతవరకు” అని షరతు పెట్టి ఉంటారు, అన్‌సైన్డ్ విలువ ఎప్పుడూ 0 కంటే తగ్గదు. తీసివేతకు ముందే ఖాళీయా కాదా అని చూడండి. వెనక నుంచి నడిచే లూప్‌లో పొడవు దగ్గర మొదలుపెట్టి, “0 కంటే ఎక్కువ ఉన్నంతవరకు” అని షరతు పెట్టి, లోపలికి వచ్చాకే ఒకటి తగ్గించండి. స్ట్రింగ్‌లో వెతికిన ముక్క దొరకనప్పుడు కనిపించేదీ ఇదే సంఖ్య. అక్కడ అది తప్పు కాదు, “దొరకలేదు” అనడానికి గుర్తు.

గింజలంటున్నారు సరే, వడ్లయితే ఎన్ని బస్తాలు? (రైతు, మిర్యాలగూడ)

వెయ్యి గింజల బరువు రకాన్ని బట్టి మారుతుంది, సన్నాలకు తక్కువ, దొడ్డు వడ్లకు ఎక్కువ. లెక్కకు 25 గ్రాములు అనుకుందాం. పదహారు గళ్లు నిండేసరికి కిలో 640 గ్రాములు. ఇరవై నాలుగుకు 419 కిలోలు. సగం బల్ల, అంటే 32 గళ్లకు 107 టన్నులు, 75 కిలోల బస్తాలైతే సుమారు 1,432. ఇక్కడిదాకా ఒక ఊరి పంటలో సరిపోతుంది. ఆ తర్వాతి 33వ గడి ఒక్కదానికే, అంతకుముందు పోసినదంతా కలిపి, ఇంకో గింజ కావాలి.

బల్ల పూర్తయ్యేసరికి సుమారు 46,117 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండేది దాదాపు 80 కోట్ల టన్నుల వడ్లు. ఒక్క గింజ తినకుండా దాచినా 576 ఏళ్ల పంట. మీవి సన్నాలై వెయ్యి గింజలు 15 గ్రాములే తూగితే 346 ఏళ్లు.

64 బిళ్లల హనోయ్ గోపురం ఆటకూ ఈ సంఖ్యే అని విన్నాం. (హైదరాబాద్)

అవును, అన్ని కదలికలు కావాలి. మూడు కడ్డీల్లో ఒకదాని మీదున్న బిళ్లల్ని ఒక్కొక్కటిగా, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఇంకో కడ్డీకి మార్చే ఆట అది. ఆ ఆటను 1883లో బయటికి తెచ్చింది పైన చెప్పిన లూకానే. పెద్ద బిళ్లను కదపాలంటే పైనున్న 63 బిళ్లల్నీ ఒకసారి పక్కకు మార్చాలి, తర్వాత మళ్లీ దాని మీదికి మార్చాలి. అంటే ప్రతి బిళ్లకూ పాత లెక్కను రెట్టించి ఒకటి కలపాలి: 1, 3, 7, 15... సెకనుకు ఒక బిళ్ల చొప్పున కదిపితే సుమారు 58,454 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లే.

స్కేలు, వృత్తలేఖినితో ఇన్ని భుజాల క్రమ బహుభుజి గీయవచ్చా? సిద్ధాంతపరంగానే అడుగుతున్నాను. (రాజమహేంద్రవరం)

గీయలేం. భుజాల సంఖ్య బేసి అయితే, అది వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయితేనే కుదురుతుంది. 17 భుజాలదాన్ని గీయవచ్చని జర్మన్ గణితవేత్త గౌస్ 1796లో కనిపెట్టిన దారి ఇది. మన సంఖ్యలో 3, 5, 17, 257, 65537 ఆ జాతివే. 641, 6700417 కావు, అవి ఫెర్మా సంఖ్యను భాగించేవే గానీ ఫెర్మా సంఖ్యలు కావు. అయితే సగం బల్ల లెక్క, 4294967295, ఆ ఐదింటి లబ్ధమే. ఈనాటికి తెలిసిన ఫెర్మా ప్రధాన సంఖ్యలు ఆ ఐదే కాబట్టి, గీయగలమని తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అదే అన్నిటికంటే పెద్దది.

ఒకటి తీసేయకుండా ఒకటి కలిపితే? 18446744073709551617 సంగతి ఏమిటి? (తణుకు, మొదటి ప్రశ్న పంపిన పాఠకుడే)

ఇది ఏడో ఫెర్మా సంఖ్య. పైన విప్పిన ఆరు ఫెర్మా సంఖ్యల లబ్ధం దీనికి సరిగ్గా 2 తక్కువ. రెండూ బేసి సంఖ్యలు కావడంతో ఉమ్మడి కారణాంకం ఒక్కటీ ఉండదు, అందుకే మన సంఖ్య కారణాంకాలు ఇక్కడ అక్కరకు రావు. వర్గాల భేదం సూత్రమూ పనిచేయదు. దీన్ని 1880లో ఫ్రాన్స్‌కు చెందిన లాండ్రీ విడగొట్టాడు: 274177 × 67280421310721. లూకా షరతు ఇక్కడ 256 గుణిజానికి ఒకటి ఎక్కువ అని మారుతుంది. 274177 = 256 × 1071 + 1, షరతు కుదిరింది. తొమ్మిదుల పద్ధతిలో మొదటి కారణాంకానికి 1, రెండోదానికి 8, లబ్ధం 8. సంఖ్యకూ 8 వస్తుంది. గుణకారం మొత్తం చేసి చూడాలనుకుంటే 67280421310721ని ముందు 274000తో, తర్వాత 177తో గుణించి కూడండి. ఒక కాగితం, పావుగంట సమయం చాలు.